చిన్న మాట, పెద్ద అర్జీ



ఈ పాఠశాలలో తొలినాళ్లలో చదువుకొన్నవారికి అవసరపు వార్త అంటే తంతి. మాటకు ఇంత అని రుసుము ఉండేది కనుక తంతి రాసేవారు ఒక్కొక్కసారి క్రియాపదాన్ని సైతం వదిలివేసేవారు. వీధిలో తంతి బంట్రోతు కనబడితే చాలు, ఇంటిల్లిపాదికీ గుండె దడ. 2013 జూలైలో మన దేశంలో తంతి సేవ ముగిసింది. అప్పటికే క్లుప్తంగా రాయడానికి కొత్త వేదిక ఒకటి ఏడేళ్లుగా ప్రపంచమంతటా అల్లుకొని ఉంది. 2006 మార్చిలో అమెరికాలో మొదలైన ఆ ట్విట్టర్‌కు 2023 జూలైలో ‘ఎక్స్’ అని పేరు మార్చినా, జనం నోట పాత పేరే నిలిచింది. తంతి ఒక చిరునామాకు వెళ్లేది. ట్విట్టర్‌లో పెట్టిన మాటకు చిరునామా లేదు. అది ఎవరి గడపకైనా చేరవచ్చు. వ్యాపారంలోనూ, బాంధవ్యాలలోనూ, ప్రజా జీవితంలోనూ వచ్చిన మార్పుకు మూలం ఈ ఒక్క తేడాలోనే ఉన్నది.

మొదట్లో ట్విట్టర్ మాట 140 అక్షరాలకు మించరాదు. సెల్‌ఫోన్ సందేశానికి 160 అక్షరాల హద్దు ఉండడం, అందులో 20 పంపేవారి పేరుకు కేటాయించడం దానికి కారణం. 2017 నవంబరులో ఆ హద్దు 280కి పెరిగింది. తెలుగువారికి ఇక్కడ ఒక చిక్కు ఉంది. పలక పట్టిన పిల్లవాడిని అడిగితే ‘ఎన్నూరు’ మూడక్షరాల మాట అంటాడు. యంత్రం లెక్కలో అది ఏడు: వత్తు, కొమ్ము, అన్నీ విడివిడిగా లెక్కకు వస్తాయి. తెలుగులో పంపే సెల్‌ఫోన్ సందేశానికైతే ఒక్కొక్కదానికి 70 మాత్రమే హద్దు. తెలుగు మాటలను ఇంగ్లీషు లిపిలో రాసే అలవాటు యువతలో ప్రబలడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చును. భారతీయ భాషలకే పెద్దపీట వేస్తామని 2020లో బెంగళూరులో పుట్టిన ‘కూ’ అనే వేదిక 2024 జూలైలో మూతపడింది.

వ్యాపారం సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. 2013 ఫిబ్రవరిలో అమెరికాలో ఒక పెద్ద ఫుట్‌బాల్ పోటీ మధ్యలో దీపాలు ఆరిపోయినప్పుడు, చీకటిలో కూడా పాలలో ముంచుకొని తినవచ్చునని ఓరియో బిస్కెట్ల కంపెనీ ఒక్క వాక్యం పెట్టి, డబ్బు కట్టి వేయించిన ప్రకటనలను మించిన పేరు సంపాదించింది. తెలుగు సినిమాకు ఈ వేగం వరమూ శాపమూ కూడా. అమెరికాలో ముందురోజు ప్రదర్శన చూసిన తెలుగువారి తీర్పు, ఆంధ్రదేశంలో ఉదయం ఆట తెర లేవకముందే ఊళ్లకు చేరిపోతుంది. డబ్బు పుచ్చుకొని పొగిడేవారు ఆ సంగతి పైకి చెప్పి తీరాలని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో నియమం పెట్టవలసి వచ్చింది. 2022 నవంబరులో మరింత ఘోరం జరిగింది. ఖాతా అసలైనదేనని చాటే నీలి గుర్తును నెలకు ఎనిమిది డాలర్లకు అమ్మడం ప్రారంభించగానే, ఎవరో ఎలీ లిల్లీ అనే ఔషధ కంపెనీ పేరు పెట్టుకొని, ఇన్సులిన్ ఇకపై ఉచితమని ప్రకటించారు. కంపెనీ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. ఆ మందు కొనలేక అల్లాడుతున్న రోగి ఆ ఒక్క వాక్యం చదివి ఎంత ఆశపడి ఉంటాడో!

బాంధవ్యాల మాటకు వస్తే, సముద్రాలకు ఆవల స్థిరపడిన పూర్వ విద్యార్థి పేరు వెదికి పలకరించగలగడం చిన్న మేలు కాదు. అయితే ఒకప్పుడు అన్నదమ్ముల మధ్య మాటా మాటా పెరిగితే పెరటి గోడ దాటేది కాదు. మర్నాటికి పిన్నిగారో మామగారో సర్దిచెప్పేవారు. ఇప్పుడు కోపంలో రాసిన మాటను చెరిపివేసేలోగానే ఎవరో దాని ఛాయాచిత్రం తీసి దాచిపెడతారు. చూసేవారు వందలమంది ఉన్నప్పుడు వెనక్కు తగ్గడం ఎవరికైనా కష్టమే. అభిమాన నటుల పేరిట పిల్లలు పరస్పరం రాసుకొనే మాటలు చూసిన తల్లిదండ్రులకు ఇది వివరించనక్కరలేదు.

ప్రజా జీవితం మీద దీని ప్రభావం తెలుసుకోవడానికి చెన్నై, అందులోనూ ఎన్నూరు, చాలు. 2015 డిసెంబరులో నగరం నీట మునిగినప్పుడు పడవ ఎక్కడ కావాలో, అన్నం ఎక్కడ దొరుకుతుందో ట్విట్టర్ ద్వారా చెప్పుకొని ముక్కూ మొహం తెలియనివారు ప్రాణాలు కాపాడారు. ఆ రోజులలోనే మద్రాసు మొసళ్ల బ్యాంకు నుండి మొసళ్లు తప్పించుకొన్నాయని పుకారు పుట్టింది. బ్యాంకువారు కాదని చెప్పవలసి వచ్చింది. 2006 నుండి 2017 వరకు ట్విట్టర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలించిన అమెరికా శాస్త్రజ్ఞులు, 1,500 మందిని చేరడానికి అబద్ధం కంటె నిజానికి ఆరు రెట్ల సమయం పట్టిందని 2018లో ప్రకటించారు.

2017 జనవరి 28 తెల్లవారుజామున కామరాజర్ రేవు వెలుపల రెండు ఓడలు ఢీకొన్నాయి. కాలుష్యం లేదని మొదట రేవు అధికారుల ప్రకటన. నల్లని చమురు మడ్డి ఎర్ణావూరు ఒడ్డుకు కొట్టుకు వచ్చింది. మత్స్యకారులు, విద్యార్థులు, స్వచ్ఛంద సేవకులు బకెట్లతో ఆ మడ్డిని తోడుతున్న ఫొటోలు దేశమంతా తిరిగాక ఆ ప్రకటనకు విలువ లేకపోయింది. చిన్న మాటకు, చిన్న బొమ్మకు ఉన్న బలం ఇది. దానిని తక్కువ చేయడం న్యాయం కాదు.

అదే ఏడాది అక్టోబరు 27న నటుడు కమల్ హాసన్ కొసస్తలై నది ఆక్రమణల గురించి, ఉత్తర చెన్నైకి ఉన్న ముంపు గురించి ట్విట్టర్‌లో తమిళంలో రాశారు. మర్నాడే స్వయంగా ఎన్నూరు ఉప్పుటేటికి వచ్చి, విద్యుత్ కేంద్రపు బూడిద పేరుకొన్న చోట్లు చూసి మత్స్యకారులతో మాట్లాడారు. వెంట కెమెరాలు వచ్చాయి. ఏళ్ల తరబడి ఎవరికీ పట్టని ఉప్పుటేరు ఒక్కరోజులో పత్రికలకెక్కింది.

అయితే కథ అప్పుడు మొదలు కాలేదు, అక్కడ ముగియలేదు. విద్యుత్ కేంద్రంలో బొగ్గు కాలగా మిగిలిన బూడిదను నీటితో కలిపి గొట్టాల ద్వారా బూడిద చెరువుకు పంపుతారు. ఆ గొట్టాలకు చిల్లులు పడి బూడిద ఏటిలో పడుతోందని కాట్టుకుప్పానికి చెందిన ఒక మత్స్యకారుడు 2016లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించాడు. కమిటీలు వచ్చాయి, కొలతలు తీశారు, నివేదికలు రాశారు, వాయిదాలు పడ్డాయి. 2022 జూలైలో తీర్పు వచ్చింది. ఉప్పుటేటిని బాగుచేయాలని ఆదేశం అయింది. నటుడు రావడానికి పట్టినది ఒక్క రోజు. తీర్పు రావడానికి ఆరేళ్లు. ఒక్క రోజు పనిని లోకమంతా చూసింది. ఆరేళ్ల పనిని చూసినవారు చాలా తక్కువ. విద్యుత్ సంస్థను ఆదేశానికి బద్ధం చేసినది మాత్రం ఆ రెండవదే.

కారణం ఊహించరానిది కాదు. అర్జీకి తేదీ, ముద్ర, రసీదు ఉంటాయి. జవాబు ఇవ్వకపోతే ఎందుకివ్వలేదని నిలదీసే హక్కు పుడుతుంది. ట్విట్టర్‌లో పెట్టిన మొరకు రసీదు లేదు. 2014 నుండి 2019 వరకు విదేశాంగ మంత్రిగా ఉన్న సుష్మా స్వరాజ్ గారు పరాయి దేశాలలో చిక్కుకొన్నవారి ట్విట్టర్ మొరలకు స్వయంగా స్పందించేవారు. అందుకు ఆమెను ఎందరో తలచుకొంటారు. కాని అది ఆమె గుణం. కార్యాలయపు నియమం వేరు. చూసిన మొరకు ఫలం దక్కుతుంది. కంటబడని మొర ఏమైందో అడగడానికి చేతిలో కాగితం ఉండదు.

2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుఫాను వరదతోపాటు మణలి వైపు నుండి చమురు ఎన్నూరు ఉప్పుటేటిలోకి వచ్చి పడవలను, వలలను నల్లగా చేసింది. ఆ నెల 26వ తేదీ అర్ధరాత్రికి కాస్త ముందు పెరియకుప్పం వద్ద కోరమండల్ కంపెనీకి అమ్మోనియా తెచ్చే సముద్రపు గొట్టం నుండి వాయువు లీకైంది. ఘాటు వాసనకు మేలుకొన్నవారు పిల్లలను ఎత్తుకొని చీకటిలో రోడ్డుమీదికి పరుగెత్తారు. పలువురు ఆసుపత్రుల పాలయ్యారు. తెల్లవారేసరికి ఆ రాత్రి దృశ్యాలు ట్విట్టర్ నిండా ఉన్నాయి. కొద్ది రోజులలో వేరే ఊరి వార్త వాటి స్థానం ఆక్రమించింది. కర్మాగారాన్ని తెరవరాదని ఊళ్లవారు మొదలుపెట్టిన ధర్నా మాత్రం ఆ తరువాత నెలల తరబడి సాగింది.