పాత పికప్పు బండికి క్యాంషాఫ్టు యెంపిక



విత్తనాలు, యెరువులు చెప్పవలసినవాడు మోటారు యింజను సంగతి యెత్తుకున్నాడేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. నాగలి, గొర్రు యెట్లాగో పంటను అంగడికి చేర్చే బండి కూడా అట్లాగే సేద్యపు పనిముట్టే గదా! టమాటా పెట్టెలెత్తుకుని తెల్లవారుజామున మదనపల్లి మార్కెట్టుకు బయలుదేరిన బండి దారిలో మిట్ట యెక్కలేక నిలిచిపోతే, అక్కడ వేలంపాట మన కోసం ఆగదు. ఆలస్యం అమృతం విషం అన్న మాట టమాటాకు మరీ వర్తిస్తుంది.

పదిహేను, యిరవై యేళ్లు చాకిరీ చేసిన బండి పొగ చిమ్ముతూ, ఆయిలు తాగుతూ వుంటే "బోరుకు వచ్చింది" అంటాము. యింజను దించి, సిలిండర్లు బోరు చేయించి, పిస్టన్లు, రింగులు, బేరింగులు మార్పిస్తాము. అప్పుడు మేస్త్రీ అడుగుతాడు: "క్యాంషాఫ్టు పాతదే వేద్దామా, కొత్తది తెద్దామా, సాన పట్టించినది వేద్దామా?" చాలామంది "నీ యిష్టం" అనేస్తారు. అట్లా అనరాదు. డబ్బూ మనదే, మోయవలసిన బరువూ మనదే.

అసలు క్యాంషాఫ్టు చేసే పని యేమిటి? కాలువ తూము దగ్గర లస్కరు చేసే పనే. తూము యెప్పుడు యెత్తాలి, యెంత యెత్తాలి, యెంతసేపు వుంచాలి అన్నది లస్కరు చేతిలో వుంటుంది. యింజనులో గాలి వచ్చే వాల్వుకూ, పొగ పోయే వాల్వుకూ క్యాంషాఫ్టే లస్కరు. ఆ కడ్డీ మీద కోడిగుడ్డు ఆకారంలో దిమ్మెలుంటాయి. వాటినే క్యాములంటారు. క్యాము తిరిగినప్పుడు దాని మొన ట్యాపెట్టును పైకి నెడుతుంది, ట్యాపెట్టు పుష్‌రాడ్డును, అది రాకరును నెట్టి వాల్వు తెరిపిస్తుంది. క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగితే యిది ఒక చుట్టు తిరుగుతుంది. అనగా యింజను నిమిషానికి 2000 చుట్లు తిరిగేటప్పుడు ఒక్కొక్క వాల్వు 1000 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది.

యిక యెంపిక సంగతి. పెట్రోలు బండ్లకు కొన్ని చోట్ల "స్పీడు క్యాంషాఫ్టు" వేస్తే బలం పెరుగుతుందని ఆశ పెడతారు. అందులో వాల్వులు యెక్కువ యెత్తు లేస్తాయి, యెక్కువసేపు తెరిచి వుంటాయి. పిస్టను కిందికి దిగి మళ్లీ పైకి బయలుదేరినా గాలి వాల్వు యింకా మూతపడదు. యింజను మహావేగంగా తిరిగేటప్పుడు యిది మంచిదే. లోపలికి దూసుకువచ్చే గాలి తన వూపుతో తానే నిండుతుంది. కాని మెల్లగా తిరిగేటప్పుడు ఆ వూపు వుండదు. లోపలికి వచ్చిన గాలిని పిస్టను మళ్లీ వెనక్కు తోసేస్తుంది. లాగే శక్తి తగ్గుతుంది, నిలబెట్టినప్పుడు యింజను వణుకుతుంది, పెట్రోలు యెక్కువ తాగుతుంది.

పందెపు యెడ్లను అరకకు కడతామా? మన బండి బరువుతో, బురద డొంకలో, రెండో గేరులో లాగాలి. కాబట్టి తక్కువ చుట్లలోనే పట్టు యిచ్చే క్యాంషాఫ్టు కావాలి. అట్లాంటి పని కోసమే బండి తయారీదారు మొదట వేసినది యేదో, అదే నమూనా మనకు మేలు.

డీజిలు బండి అయితే అసలు తర్కమే వద్దు. డీజిలు యింజనులో పిస్టను పైకి వచ్చినప్పుడు వాల్వుకూ దానికీ మధ్య సందు బహు స్వల్పం. వాల్వు లేచే యెత్తు గాని, వేళ గాని మారితే పిస్టనుకు తగిలి వాల్వు వంగుతుంది. బోరు ఖర్చంతా బూడిదలో పోసినట్లే. దానికి తయారీదారు చెప్పిన నెంబరు క్యాంషాఫ్టే వేయాలి.

పాతది పనికి వస్తుందా అంటే, కొలిస్తేనే తెలుస్తుంది. మైక్రోమీటరుతో క్యామును మొన నుంచి మడమ వరకు నిలువుగా కొలవండి, తరువాత అడ్డంగా కొలవండి. నిలువులో అడ్డం తీసివేస్తే క్యాము లేపే యెత్తు సుమారుగా వస్తుంది. గాలి క్యాములన్నీ ఒకదానితో ఒకటి, పొగ క్యాములన్నీ ఒకదానితో ఒకటి పోల్చి, మాన్యువలులోని లెక్కతో సరిచూడాలి. ఒక్కటి పొట్టిగా వున్నా, మొన మీద గుంటలు పడినా దానిని వాడరాదు.

ట్యాపెట్టు అడుగు కూడా చూడండి. చదునుగా కనబడినా, చాలా యింజన్లలో అది కొత్తలో కొద్దిగా వుబ్బెత్తుగా వుంటుంది. అందువల్లనే అది తనచుట్టూ తాను తిరుగుతూ సమంగా అరుగుతుంది. మధ్యలో గుంట పడితే దాని ఆయుష్షు తీరినట్లే. కొత్త క్యాంషాఫ్టు కింద పాత ట్యాపెట్లు యెన్నడూ వేయకండి. పాత క్యాంషాఫ్టే వుంచితే యే ట్యాపెట్టు యే క్యాము మీద వున్నదో అక్కడికే తిరిగి చేరాలి. యిప్పేటప్పుడే నెంబర్లు వేసి పెట్టమని మేస్త్రీకి చెప్పండి.

సాన పట్టించినది చవక. కాని క్యాము పై పొర మాత్రమే గట్టిది కావచ్చు. సానలో ఆ పొర పోతే లోపలి మెత్తని లోహం కొద్ది నెలల్లో అరిగిపోతుంది. సాన పట్టిన తరువాత గట్టిపరిచారా అని అడగండి, ఆ మాట బిల్లు మీద రాయించుకోండి. పైగా మడమ సన్నబడినందువల్ల ట్యాపెట్టు కిందికి దిగుతుంది. రాకరు మరతో ఆ సందు సర్దుబాటు అవుతుందో లేదో ముందే చూసుకోవాలి.

బిగించేటప్పుడు టైమింగు గేర్ల గుర్తులు కలవాలి. క్యాంషాఫ్టు గేరుకు 40 పళ్లుంటే ఒక పన్ను తప్పినా 9 డిగ్రీలు తేడా. క్రాంక్‌షాఫ్టు లెక్కలో అది 18 డిగ్రీలు! అందుచేత స్టార్టు చేయకముందే చేత్తో క్రాంక్‌షాఫ్టును రెండు చుట్లు తిప్పించండి. యెక్కడైనా తగిలితే బలవంతం చేయక ఆపండి.

మొదటి స్టార్టు అతి ముఖ్యం. క్యాములకూ, ట్యాపెట్లకూ ముందే చిక్కని గ్రీజు వంటి అసెంబ్లీ ల్యూబు పూయాలి. స్టార్టు కాగానే నెమ్మదిగా వదలక, నిమిషానికి 2000 చుట్ల దగ్గర, కొంచెం హెచ్చు తగ్గులతో 20 నిమిషాలు నడపాలి. యెందుకంటే యిట్లాంటి యింజన్లలో క్యాములకు ఆయిలు చాలావరకు క్రాంక్‌షాఫ్టు చిమ్మితేనే అందుతుంది. నెమ్మదిగా తిరిగితే చాలినంత చిమ్మదు. ఆయిలు ప్రెషరు, నీళ్ల వేడి మీద కన్ను వుంచండి. నేటి పెట్రోలు కార్ల ఆయిళ్లలో అరుగుదలను ఆపే జింకు, ఫాస్ఫరసు మందు తగ్గించారు. పాత యింజనుకు ఆ మందు తగినంత వున్న ఆయిలే అడిగి పోయించండి. ఆ తరువాత ఆయిలూ, ఫిల్టరూ మార్చాలి. ట్యాపెట్లకు బదులు రోలర్లున్న యింజన్లకు ఈ 20 నిమిషాల నియమం అక్కరలేదు.

కాబట్టి సోదరులారా, డబ్బు చేతిలో పెట్టకముందు మేస్త్రీని నాలుగు మాటలు అడగండి. పాత క్యాముల కొలత యెంత వచ్చింది? కొత్తదాని నెంబరు మాన్యువలుతో కలిసిందా? ట్యాపెట్లు కొత్తవేనా? చేత్తో రెండు చుట్లు తిప్పి చూశారా? ఈ నాలుగింటికీ తడుముకోకుండా జవాబు చెప్పే మేస్త్రీ చేతిలో మీ బండి క్షేమం. వేయి రూపాయలు మిగిలిందని సంతోషించి సగం దారిలో పంటతో నిలబడేకంటే, వారం రోజులు ఆగి సరైన వస్తువు తెప్పించుకోవడం రైతుకు లాభం.