చరిత్ర బోధనమున తాళపుగది
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)

  

బాలుర విద్యకై మన సంఘము ఏటేట ద్రవ్యము వెచ్చించుచున్నది. ఆ విద్య వారి బుద్ధికెట్లు పట్టునో విచారించుటయు మన ధర్మమే. కావున చరిత్ర బోధనమును గూర్చి కొలది మాటలు విన్నవించెదను.

నేటి యువకులు నగరములయందు ఎస్కేప్ రూమ్ అను నొక యాట నాడుచున్నారు. ఐదాఱుగురు కలిసి యొక గదిలో ప్రవేశింతురు. అందు పెట్టెలు, తాళములు, చిక్కుప్రశ్నలు నుండును. ఒక చిక్కు విడినచో నొక తాళము వీడును. గంటలోపల కడపటి తాళము తీసినవారు గెలిచినట్లు. ఈ గదిని విద్యార్థులచేతనే కట్టించినచో చరిత్రకు మేలైన పాఠమగునని నా నమ్మకము. ఏలయన, తాళము తీయువానికి ఒక్క దారి దొరకిన చాలును. తాళము వేయువాడు అన్ని దారులను ఎఱుగవలయును.

గత వేసవి సెలవులలో మన పిల్లలు కొందఱు రాజమహేంద్రవరమున జరిగిన వితంతు వివాహ వివాదమును విషయముగా గైకొని యిట్టి గదిని కట్టిరి. నేను గ్రంథములు చూపితిని. కల్పన యంతయు వారిదే.

మొదటి పెట్టె శాస్త్రము. వంగదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరులు 1855 లోను, రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1879 లోను వితంతు వివాహము శాస్త్రీయమని వాదించిరి. ఆ వాదమునకు పరాశరస్మృతి ముఖ్యాధారము. స్మృతివాక్యమున "పతౌ" అను పదము కలదు. పాణినీయమును బట్టి సమాసము కానిచోట "పత్యౌ" అని యుండవలయును. దీనిని పట్టుకొని ప్రతిపక్షులు అది "అపతౌ" యని విడదీసి, వాగ్దానము మాత్రమే జరిగిన వరుడని యర్థము చెప్పిరి. సంస్కర్తల పక్షము వారు ఆర్షప్రయోగమనిరి. పూర్వరూపసంధిచే రెండును చెవికి ఒక్కతీరుననే వినబడును. వ్రాతలో భేదము అవగ్రహ చిహ్నమొక్కటియే! పిల్లలు ఈ పెట్టెకు రెండు తాళపుచెవులు చేసిరి. దేనితోనైనను పెట్టె తెఱచుకొనును. లోపల దొరకు కాగితములు మాత్రము వేఱు. ఈ యమరిక చేయుటకై ప్రతిపక్షుల వాదమును వారు గౌరవముతో చదువవలసి వచ్చెను. వారందఱు మూఢులని తలచినవాడు ఈ తాళమును చేయజాలడు.

రెండవ పెట్టె చట్టము. 1856 నాటి చట్టము వితంతు వివాహమును చెల్లుబాటు చేసినది. ఆ చట్టమే, మరల పెండ్లాడిన స్త్రీ మృతభర్త యాస్తిపై తనకున్న హక్కును కోల్పోవునని విధించినది. కావున పిల్లల గదిలో ఈ తాళము తీయగోరువారు చేతిలోని సొమ్ముల సంచిని వదలుకొనవలయును.

మూడవది సంఘము. ఇదియే కఠినము. చట్టము పుట్టినది 1856 లో. తెలుగుదేశమున తొలి వితంతు వివాహముగా ప్రసిద్ధమైన గౌరమ్మ, శ్రీరాములు గార్ల వివాహము రాజమహేంద్రవరమున జరిగినది 1881 డిసెంబరు 11 న. నడుమ ఇరువదియైదేండ్లు! తలుపు తీసియున్నను బయటికి వచ్చినవారు లేరు. వివాహానంతరము బహిష్కారము వచ్చెను. వంటవారును నీళ్లవారును మానుకొనగా, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు తామే వండి, గోదావరినుండి నీరు మోసిరి. తోడు నిలిచినవారిలో కొందఱు ప్రాయశ్చిత్తము చేయించుకొని వెడలిరి. ఈ పెట్టెయొద్ద ఆటగానికొక చీటి యిత్తురు: "నీవు నిలిచినచో నీ చెల్లెలి సంబంధము తప్పిపోవును." నిలుచుటయో వెడలుటయో యాతని యిష్టము. నవ్వుచు వచ్చిన బాలురు ఇచ్చట నవ్వు మఱచిరి.

గది ముగియునప్పటికి, కట్టినవారిలో నొక బాలిక యిట్లడిగెను: "ఇందు పండితులున్నారు, సంస్కర్తలున్నారు, దొరలున్నారు. ఆ వితంతువు మాట యేది?" ఎవ్వరును బదులు చెప్పలేకపోయిరి. అందుచే కడపటి పెట్టెలో తెల్లకాగితమొకటి యుంచిరి. ఆమెను తామేమి యడుగుదురో వ్రాసినవారికే ద్వారము.

"మన తాతలలో ప్రతిపక్షమువారును ఉందురు గదా, పాతగాయములను రేపనేల?" యని పెద్దలు కొందఱనిరి. వారి సంకోచమును నేనెఱుగుదును. కాని మన మనుమలు ఆ తాతలను దాచిన కథలనుండి తెలిసికొనుటకన్న, వారి భయములను, వారి బంధములను చేతులతో తడవి తెలిసికొనుట మేలు. భయమెట్లు మంచివారి నోరు మూయించునో తెలిసినవాడు రేపు తనకట్టి చీటి వచ్చినపుడు కొంచెము తడవు నిలువగలడు.

కావున నా మనవులు మూడు. పెట్టెలకును తాళములకును అగు స్వల్పవ్యయమును సంఘము భరించుగాక. ఆట గదుల ద్వారమునకు నిజమైన తాళమెన్నడును వేయకుందురుగాక. పిల్లల క్షేమము ముందు. పాతపెట్టెలలోని ఉత్తరములను, శుభలేఖలను, తీర్మానపత్రములను, ఏ పక్షమువైనను సరే, ప్రతులు తీసికొనుటకు పెద్దలు పిల్లల కిత్తురుగాక.