కృత్రిమ మేధచేత లెక్క చేయించుట

ఒక రైతు 40,000 రూపాయలు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చెను. అయిదు నెలలకు 14,000 చెల్లించెను. చెల్లించినది ముందు వడ్డీకి, మిగిలినది అసలుకు జమ. మరి అయిదు నెలలు గడచినపిమ్మట బాకీ తీర్చుటకు ఎంత కావలెను?

ఈ ప్రశ్నను మేము ఇటీవల ఒక సంభాషణ యంత్రమునకు వేసి, ఒక్క అంకెలో సమాధానము కోరితిమి. 26 వేల చిల్లర అని తడుముకొనక చెప్పెను. ఎట్లు వచ్చినదో తెలియదు. మెట్టుమెట్టుగా చేసి చూపుమంటిమి. మొదటి పంక్తిలోనే గుట్టు బయటపడెను: రెండు రూపాయల వడ్డీ యనగా ఏడాదికి నూటికి రెండని అది తలచినది! మన పల్లెలలో అది నెలకు నూటికి రెండు గదా. ఆ మాట చెప్పినంతనే సరిగా చేసెను. వడ్డీ 4,000, అసలుకు జమ 10,000, నిలువ 30,000, దానిపై వడ్డీ 3,000, వెరసి 33,000. ఆరువేల పైచిలుకు తేడా. మొదటి అంకెను నమ్మి ఋణదాత యెదుట నిలుచున్న రైతు మాట యేమగును?

ఇట్టి యంత్రము మాట వెనుక మాటగా వాక్యమును కూర్చును. ముందు వ్రాసిన మాటలే తరువాతి మాటకు ఆధారము. ఒక్కుమ్మడిగా సమాధానమడిగినచో దానికి లెక్క వేసికొనుటకు కాగితమే లేదన్నమాట. మెట్లు వ్రాయనిచ్చితిమా, ఆ వ్రాతయే కాగితమగును.

2022లో గూగుల్ సంస్థకు చెందిన జేసన్ వై, అతని సహచరులు దీనిని పరీక్షించి ప్రకటించిరి. 54,000 కోట్ల పరామితులుగల పామ్ అను నమూనాకు ఎనిమిది లెక్కలను విడమరచి చూపగా, బడిపిల్లల లెక్కలలో నూటికి 17.9గా ఉన్న ఒప్పులు 56.9కి పెరిగినవి. చిన్న నమూనాలకు మాత్రము మేలు కలుగలేదు. అదే ఏడు మే నెలలో టోక్యో విశ్వవిద్యాలయము వారు ఉదాహరణలు సైతము లేకుండ, అంచెలంచెలుగా ఆలోచింతమను ఒక్క వాక్యము చేర్చి, ఒక లెక్కల సంపుటిలో ఒప్పులను 17.7 నుండి 78.7 శాతమునకు తెచ్చిరి. ఇంత చిన్న మాటకు అంత ఫలమా యని మేమును మొదట శంకించినవారమే. 2024 తరువాత వచ్చిన కొన్ని నమూనాలు అడుగకయే ఇట్లు ఆలోచించుచున్నవి; కాని వానిలో కొన్ని ఆ ఆలోచనను పూర్తిగా చూపవు, సారాంశము మాత్రమే చూపును. ఇది మాకు రుచింపదు.

చూపిన మెట్లన్నియు నిజమైన కారణములని నమ్ముటకును వీలులేదు. 2023లో మైల్స్ టర్పిన్ ప్రభృతులు ఇచ్చిన ఉదాహరణలన్నిటిలోను మొదటి ఎంపికయే ఒప్పగునట్లు అమర్చిరి. యంత్రము తరచుగా మొదటిదానికే మొగ్గి, అందుకు వేరు హేతువులను చక్కగా అల్లినది. అమరిక మాట ఎత్తనే లేదు.

అందుచేత మేము ఆ రైతు లెక్కను కలము పట్టి మరల వేసి చూచితిమి. 33,000 సరియే.