మాధ్యమాలు మారినా మాట నిలవాలి



ఒక కథ ఒక మాధ్యమం నుండి మరొక మాధ్యమంలోనికి ప్రవేశించినప్పుడు వేషం మాత్రమే మార్చుకొంటుందా, అర్థాన్ని కూడా మార్చుకొంటుందా? బిడ్డల చదువును గురించి ఆలోచించే వారందరూ వేసుకోవలసిన ప్రశ్న ఇది. ఇందుకు 'మాయాబజార్' చక్కని ఉదాహరణ.

శశిరేఖా పరిణయ గాథ వ్యాసభారతంలో లేదు. అది జనం నోట పెరిగి, రంగస్థలమెక్కి, సురభి నాటక సమాజాల ద్వారా ఊరూరా తిరిగిన కథ. 1957లో మద్రాసు నగరంలో విజయా సంస్థ కె.వి.రెడ్డి గారి దర్శకత్వంలో దానిని చలనచిత్రంగా నిర్మించింది. రంగస్థలం మీద తెరలూ తాళ్ళూ చేసిన మాయను ఇక్కడ మార్కస్ బార్ట్‌లే గారి కెమెరా చేసింది. పాండవులలో ఒక్కరైనా కనిపించకుండానే పాండవుల వారి పెళ్ళికథ నడిచింది. అదే సంవత్సరం వచ్చిన తమిళ చిత్రంలో శశిరేఖ వత్సల అయింది. అభిమన్యుడుగా అక్కినేని వారికి బదులు జెమినీ గణేశన్ గారు నటించారు. ఘటోత్కచుడు మాత్రం రెండింటా ఎస్.వి.రంగారావు గారే. 2010లో తెలుగు చిత్రం రంగులు కూడా దిద్దుకొన్నది.

ఇన్ని రూపాలు దాటినా కథకు లోటు రాలేదు. అయితే అందులో ఒక సూక్ష్మమున్నది. పింగళి నాగేంద్రరావు గారు రాక్షసుల నోట పలికించిన 'అసమదీయులు', 'తసమదీయులు' అన్న మాటలకు పసిపిల్లలు సైతం నవ్వుతారు. అది చెవికి తగిలిన నవ్వు. 'అస్మదీయులు' అన్న పదం చదివిన విద్యార్థికి, సకారం కింది మకారపు ఒత్తును రాక్షసుడు పలుకలేక విడగొట్టాడనీ, దానికి జోడుగా రెండవ మాటను అల్లాడనీ తెలుస్తుంది. అతడు రెండుసార్లు నవ్వుతాడు. ఆ రెండవ నవ్వును ఇచ్చేది తెర కాదు, పలక.

తమిళనాట తరాలుగా స్థిరపడిన తెలుగు ఇండ్లలో నేడు భాష అనేకులకు చెవికీ కంటికీ మాత్రమే మిగిలింది. బిడ్డ తెలుగు చక్కగా మాట్లాడుతుంది, సినిమా చూస్తుంది, ఫోనులో తెలుగు మాటలను ఆంగ్ల లిపిలో వ్రాస్తుంది. "మాట వచ్చును గదా, అక్షరమెందుకు?" అని తల్లిదండ్రులు అడగడం సహజమే. అక్షరం రాని వారికి ఇతరులు ఎంచి చూపినంత కథే దక్కుతుంది. మూలాన్ని వెదకి చూచుకొనే శక్తి ఉండదు.

కనుక తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఇంటిలోని అవ్వ చెప్పే కథ నొకదానిని ఈ ఏడు బిడ్డ చేత స్వహస్తంతో తెలుగులో వ్రాయించండి. సినిమా తీయని ఆ కథ, వ్రాయకపోతే అవ్వతోనే పోతుంది. పూర్వవిద్యార్థులు ఆ కథలను ఈ పాఠశాల వేదికపై నాటికలుగా ఆడించగలిగితే, పాఠశాలకు అంతకు మించిన కానుక ఉండదు.

అందరికీ శుభమగుగాక!