పేదల బల్లయొద్ద



1978లో మేము పిల్లలతోకూడ పాపువా న్యూగినీ పర్వత ప్రాంతమున సువార్త సేవలో ఉంటిమి. అక్కడ పందియే ఇంటి ఆస్తి. పెండ్లికి ఓలిగా ఇచ్చునదియు అదియే. ఒక పేద విశ్వాసి కుటుంబమువారు తమకున్న ఒక్క పందిని మా కొరకు కోసి, చిలగడదుంపలతో అరటాకులలో చుట్టి, కాల్చిన రాళ్ల గుంటలో వండిరి. వలదని బ్రతిమాలితిమి. ఇంటి పెద్ద, “ఇచ్చుటకు మాకును ఏదో ఉన్నదని మా పిల్లలు చూడవద్దా?” అనెను.

మేము భుజించితిమి. సారెపతు విధవరాలు ఏలీయాకు పెట్టిన రొట్టె ఎట్టిదో ఆనాడు గ్రహించితిమి. ఇచ్చుట మిషనెరీలకు అలవాటే. పుచ్చుకొనుట మాకు ఆ పేదలే నేర్పిరి.

ఈ శతవార్షికమున మన సంఘములలోని బీదలను పుచ్చుకొనువారిగానే కాక, ఇచ్చువారిగాను ఎంచుదము గాక.