ఎగరలేని చిలుక చెప్పే పాఠం
(పాల ఉత్పత్తిదారుల సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాడి సంగతులు వినవచ్చిన మీకు ఈరోజు ఒక పక్షి కథ చెబుతాను. చివరకు అది మన కొట్టంలోని కథేనని మీరే అంటారు.

న్యూజిలాండ్ దేశంలో కాకాపో అనే చిలుక ఉన్నది. అది ఎగరలేదు, రాత్రివేళ నేలమీద నడిచి తిరుగుతుంది. మనుషుల వెంట ఆ దేశానికి చేరిన పిల్లులు, ఎలుకలు, ముంగిస వంటి స్టోట్‌లు దానిని నాశనం చేయగా, 1995 నాటికి మిగిలినవి 51 పక్షులే.

దీని జత కట్టే తీరు వింతైనది. రిము అనే చెట్టు విరగకాసిన ఏడే ఇవి గుడ్లు పెడతాయి. అటువంటి కాపు రెండు, నాలుగేళ్ళకొకసారి గాని రాదు. అప్పుడు మగపక్షులు గుట్టలెక్కి, నేలను గుంటగా గీకి, అందులో కూర్చుని, రొమ్ము ఉబ్బించి రాత్రంతా డప్పు మోతవంటి శబ్దం చేస్తాయి. ఆడపక్షి నడిచివచ్చి నచ్చిన మగదానిని ఎంచుకుంటుంది. పిల్లల పెంపకం తల్లిదే.

చిక్కంతా ఇక్కడే. ఆడపక్షుల్లో ఎక్కువ భాగం కొద్ది మగపక్షులనే కోరుతాయి. అప్పుడు పిల్లల్లో ఎక్కువ భాగం కొద్ది తండ్రుల బిడ్డలే అవుతారు. తరువాత తోబుట్టువుల మధ్యనే జత కుదిరే ప్రమాదం ఉంటుంది. ఇప్పటికే రక్తసంబంధం దగ్గరైనందున చాలా గుడ్లు పొదగబడక పాడవుతున్నాయి.

ఆ 51లో రిచర్డ్ హెన్రీ అని పేరు పెట్టిన ఒక్క మగపక్షి తప్ప మిగిలినవన్నీ స్టివర్ట్ దీవి సంతతివి. అది 1975లో ఫియోర్డ్‌లాండ్ కొండల్లో దొరికింది. 1998లో దానికి మూడు పిల్లలు కలిగాయి. 2010లో అది చనిపోయినా దాని రక్తం ఆ పిల్లల ద్వారా నిలిచింది.

అక్కడి సిబ్బంది ప్రతి పక్షికీ తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని వ్రాసి ఉంచుతారు. సంతానం ఎక్కువైన మగదానిని వేరే దీవికి తరలిస్తారు. 2009లో కృత్రిమ గర్భోత్పత్తి ద్వారా కూడా పిల్లలను పొందారు. 2022లో వాటి సంఖ్య 252కు చేరింది.

ఇక మన ఊరికి వద్దాం. ఒకే ఆబోతును, ఒకే దున్నపోతును ఏళ్ళ తరబడి ఉంచితే దాని కూతుళ్ళే దానివద్దకు ఎదకు వస్తాయి. పుట్టే దూడలు బలహీనమై, చూలు నిలవక, పాలు తగ్గి, నష్టపోయేది మనమే. అంత మంచి ఆబోతు మరొకటి లేదని మనసు ఒప్పుకోకపోవచ్చు. కాని మంచిదానిని కూడా వేళకు మార్చవలసిందే.

కనుక సూది వేయించిన ప్రతిసారీ ఆబోతు నంబరు కార్డులో వ్రాయించుకోండి. పెయ్య, పడ్డ ఎదకు వచ్చినప్పుడు దాని తండ్రి నంబరు సిబ్బందికి చెప్పి, వేరే ఆబోతు వీర్యం వేయమని అడగండి. అడవి పక్షికి వంశావళి వ్రాస్తున్నారు. మన ఇంటి గేదెకు వ్రాయలేమా?