మాత్ర ఎందుకు మింగలేదు?

(చర్లపల్లిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"ఎన్నిసార్లు చెప్పినా వినరు. ఇచ్చిన మాత్రలు మింగరు. అంతా నిర్లక్ష్యం." గర్భిణుల గురించి ఈ మాట ఆసుపత్రుల్లో తరచూ వింటుంటాం. నిజం ఒప్పుకోవాలంటే, మన నోటి నుంచి కూడా వస్తుంది. ఇవాళ ఈ మాట గురించే ఆలోచిద్దాం.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనతతో ఉన్నారు. రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాల్సిన ఐరన్ మాత్రలను ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఇంటి దాకా వచ్చిన మాత్ర చాలాసార్లు గూట్లోనే ఉండిపోతుంది.

మాత్ర వేసుకుంటే కొందరికి వికారం, మలబద్ధకం వస్తాయి. మలం నల్లగా అవుతుంది. ఇది మామూలేనని ముందే చెప్పకపోతే ఎవరైనా భయపడి మానేస్తారు. "మాత్రలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుంది", "ఎక్కువ తింటే బిడ్డ పెరిగి కాన్పు కష్టమవుతుంది" అని ఇంట్లో పెద్దవాళ్ళంటారు. మూఢనమ్మకమని కొట్టిపారేయడం తేలిక. కానీ దాని వెనక ఆపరేషన్ భయం, కాన్పులో పోయిన ఆడవాళ్ళ జ్ఞాపకం ఉన్నాయి. అత్తను తప్పుపట్టి లాభం లేదు, ఆమెతోనూ కూర్చుని మాట్లాడాలి.

మరి ఇంట్లో అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినే మనిషికి పౌష్టికాహారం గురించి ఎంత చెబితే ఏం లాభం? మళ్ళీ ఆడపిల్ల పుడితే ఏమంటారోనన్న దిగులు, తాగొచ్చిన భర్త చేతి దెబ్బ ఉన్నచోట అన్నం సయించకపోతే అందరూ వేవిళ్ళనుకుంటారు.

ఇక్కడి పారిశ్రామికవాడ సంగతి చూడండి. 2015లో మొదలైన ఆరోగ్యలక్ష్మి పథకం కింద అంగన్‌వాడీలో అన్నం, పప్పు, గుడ్డు, పాలు ఇస్తారు. మంచి పథకమే. కానీ మధ్యాహ్నం అక్కడే కూర్చుని తినాలంటే, ఆ వేళకు షెడ్డులో ప్యాకింగ్ చేస్తున్న చెల్లెలు ఎలా వస్తుంది? చెకప్‌కు పోతే ఆ రోజు కూలి పోతుంది. పనిలోంచి తీసేస్తారని గర్భం సంగతే దాచుకునే వాళ్ళున్నారు. దాచుకున్న గర్భానికి పరీక్షలెక్కడ? 2017 చట్ట సవరణతో మొదటి ఇద్దరు బిడ్డలకు వేతనంతో కూడిన ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగింది. కాంట్రాక్టరు దగ్గర హాజరు చీటీ కూడా లేని మనిషి ఏ కాగితం చూపి అడగాలి?

అందుకే మన ప్రశ్న మార్చుకుందాం. "ఎందుకు మింగలేదు?" అని నిలదీయకుండా "ఏం అడ్డమొచ్చింది?" అని అడుగుదాం. మాత్ర టీతో వేసుకోవద్దనీ, కాల్షియం మాత్రతో కలపొద్దనీ, నిమ్మరసం మంచిదనీ చెబుదాం. భర్తనూ అత్తనూ కూర్చోబెట్టి చెబుదాం. హాజరు చీటీ కోసం, ఈఎస్‌ఐ కోసం, పనివేళలకు తగిన భోజనం కోసం అందరం కలిసి అడుగుదాం. ఈ పని ఆమె ఒక్కదాని మీద వేసి, తర్వాత ఆమెనే నిందించడం ఇక చాలు.